పోలేదంటే పోలేదు

పోయిన వారం పేపరులో సారు ఫొటో వచ్చింది. కింద శ్రద్ధాంజలి అని ఉంది. వేసింది షేర్ల పేజీలో. అక్కడ చోటు దొరికిందో, రేటు తక్కువో నాకు తెలియదు. ఏ పేజీ ఆయన కంట పడకూడదని ఒకప్పుడు రోజూ పొద్దున్నే కాపలా కాసేవాళ్ళమో, చివరికి ఆయన్ను తీసుకెళ్ళి ఆ పేజీలోనే కూర్చోబెట్టారు. పైన చీమల బారుల్లా అంకెలు, కింద సారు. ముఖంలో ఎప్పటి నిదానమే.

ఫొటో ఛాతీ దాకే ఉంది. కుర్చీల్లో కూర్చున్న వాళ్ళకు సారు ఎప్పుడూ అంతవరకే కనిపించేవారు. నేను ఇల్లు ఊడ్చేదాన్ని కాబట్టి ఆయన పాదాలు కూడా చూశాను.

మాది మాదాపూర్ పాత ఊరు. గుండ్రటి అద్దాల బిల్డింగు ఇంకా పైకి లేస్తున్న రోజులవి. బండలు పేల్చిన చప్పుడుకు మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. సారు వాళ్ళది గోదావరి వైపు. ఏదో సర్కారు ఆఫీసులో రిటైరై, అమ్మగారితో కలిసి వచ్చి, మా వీధిలో ఒక ఇంటి కింది వాటా కిరాయికి తీసుకున్నారు. మణికొండలో, రాళ్ళ నడుమ, చిన్న జాగా కొని పెట్టుకున్నారు. అందులో ఇల్లు కట్టడానికని దాచిందంతా షేర్లలో ఉంది. షేర్లంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. మార్కెట్ పడిందని అమ్మగారు మొదటిసారి అన్నప్పుడు గుడిమల్కాపూర్ కూరగాయల మార్కెట్టు కప్పు కూలిందనుకున్నాను.

"అయ్యో, కింద మనుషులెవరన్న ఉన్నరా అమ్మా?" అని అడిగాను.

"ఉన్నారు. మీ సారు ఉన్నారు" అన్నారు అమ్మగారు.

ఆదివారం పొద్దున వాళ్ళ వరండాలో సభ జరిగేది. కొత్త కంపెనీల్లో చేరిన పిల్లలు, ఒకరిద్దరు బ్యాంకు ఉద్యోగులు, పై వాటాలో ఉండే ఇంటి ఓనరు వచ్చి కూర్చునేవారు. అందరికీ ఎంతో కొంత షేర్లలో ఉండేది. పెరిగిన వారం ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు. పడ్డ వారం కుర్చీలు చాలేవి కావు. సారు స్టీలు గ్లాసులో మజ్జిగ పట్టుకుని, గుటకకూ గుటకకూ మధ్య చాలాసేపు ఆగుతూ మాట్లాడేవారు.

"కదలకుండా కూర్చోవడం కూడా ఒక పనేనండీ. చాలా కష్టమైన పని."

"ఆ పని మీకు బాగా వచ్చు" అని వంటింట్లోంచి అమ్మగారు అందించేవారు.

కరీంనగర్ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన పొడుగాటి అబ్బాయి ఒకడు సారుకు పెద్ద భక్తుడు. "సార్, నిన్న ఎంత పడ్డదో ఎరుకేనా? జర వినుండ్రి..." అని మొదలుపెట్టేవాడు.

సారు అరచెయ్యి ఎత్తి ఆపేవారు. "అంకెలు చెప్పకండి బాబూ. అంకెలు వింటే ఆలోచన చెదిరిపోతుంది."

"ఏం మనిషిరా బై! గింత పడ్డా రేటు గూడ అడుగుతలేడు" అని ఆ అబ్బాయి పక్కవాడి చెవిలో అనేవాడు.

ఆ మాట నాకూ వినపడేది, ఎందుకంటే నేను వాళ్ళ కుర్చీల మధ్య చీపురు పట్టుకుని వంగి ఉండేదాన్ని. పైన గ్లాసులో మజ్జిగ తొణికేది కాదు. కింద సారు కుడిపాదం మాత్రం కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉండేది. చప్పుడు రాకుండా చెప్పును బొటనవేలితో బిగబట్టేవారు.

ఆ వరండాలోనే ఒకసారి మా మరిది కోకాపేటలో ఎకరం అమ్మకానికి ఉందని చెప్పాడు. అందరూ నవ్వారు. "ఒకసారి రాళ్ళు కొన్నాం కదయ్యా, చాలదా?" అన్నారు సారు, ఎంతో నిదానంగా. ఆ రోజు ఆయన పాదం కూడా ఆడలేదు.

అమ్మగారి భయమేమిటో గోంగూర ఒలుస్తూ నాకు చెప్పారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా సారు దగ్గర షేర్లుండేవట. ఒకరోజు మార్కెట్ బాగా పడిందని పేపరులో చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఏజెంటు దగ్గరికి పరిగెత్తి, ఉన్నవన్నీ వచ్చిన ధరకు అమ్మేశారట. కొన్నాళ్ళకు అవన్నీ మళ్ళీ లేచాయట.

"రాజమండ్రిలో ఒక ఇల్లు చూసి పెట్టుకున్నాం యాదమ్మా. వేపచెట్టు నీడ, పెద్ద వంటిల్లు. అది అలా పోయింది. ఇప్పుడు అందులో ఎవరో ఉంటున్నారు. ఆకుపచ్చ రంగు వేశారు, చూడలేం." ఆవిడకు ఇల్లు పోయినందుకంటే ఆ రంగుకే ఎక్కువ బాధగా ఉన్నట్టుంది. "మళ్ళీ భయపడి అమ్మారంటే ఈ జన్మకు కిరాయి ఇల్లే మాకు. అందుకని ఆయన ఆ పేజీ చూడకూడదు."

అలా నాకొక కొత్త పని వచ్చింది. పొద్దున్నే గేటు దగ్గర పేపరు తీసుకుని, సారు స్నానం ముగించేలోపు షేర్ల పేజీ లాగేయాలి. నాకు చదువు రాదు. "నిండా చీమలు పాకినట్టు అంకెలుంటాయి చూడు, ఆ కాగితం" అని అమ్మగారు గుర్తు చెప్పారు. తీసి అమ్మగారికిచ్చేదాన్ని. ఆవిడ ఒకసారి చూసి తిరిగి ఇచ్చేవారు. దాన్ని బియ్యం డబ్బా కింద పెట్టేదాన్ని. ఎక్కువైనప్పుడు అలమర అరల్లో పరిచేదాన్ని. ఫోను డయలుకు కూడా చిన్న తాళం ఉండేది. వీధిలో అందరూ వచ్చి ఊళ్ళకు మాట్లాడుతున్నారని పైకి చెప్పేవారు. తాళంచెవి అమ్మగారి బొడ్లో ఉండేది.

"ఏమిటోనండీ, పేపరు పల్చబడుతోంది రోజురోజుకీ" అనేవారు సారు.

"కాగితం కరువటండీ" అనేవారు అమ్మగారు.

"అవునవును. అంతటా కరువే" అని సారు ఆటల పేజీ చదువుకునేవారు.

అమ్మగారికి ఇంకో అలవాటుండేది. వాకిట్లో అందరూ ముగ్గు వేస్తే ఆవిడ మణికొండ ఇంటి ప్లాను వేసేవారు. ముగ్గుపిండితోనే. ఇది వంటిల్లు, ఇది హాలు, ఇది పూజగది, ఇక్కడ మెట్లు. వీధిలో ఆడవాళ్ళు తొక్కకుండా పక్కనుంచి నడుస్తూ, "ఇయ్యాల బెడ్రూము ఎటు పెట్టినవ్ పిన్నీ?" అని ఆట పట్టించేవారు. కొన్ని రోజులు ఇల్లు వాకిలంతా పట్టేది. కొన్ని రోజులు ముడుచుకుపోయి, ఒక గదీ వంటిల్లూ మిగిలేవి. ఎందుకలా పెరిగి తరుగుతోందో నేను పట్టించుకోలేదు.

ఇలా నడుస్తుండగా పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఫలితాలంటే అప్పట్లో పేపరు నిండా హాల్‌టికెట్ నంబర్లే. ఆ పొద్దున పేపరు తెరిస్తే ఎక్కడ చూసినా చీమలే నాకు. ఎక్కువ చీమలున్న కాగితం చూసి లాగేశాను. ఆవకాయ పనిలో ఉన్న అమ్మగారు చూడకుండానే, "పెట్టెయ్" అన్నారు. బియ్యం డబ్బా కింద పెట్టేశాను.

కాసేపటికి పై వాటా ఓనరు కూతురితో సహా దిగి వచ్చాడు. ఆ పిల్ల పదో తరగతి రాసింది. సారు వరండాలో పేపరు ఇచ్చారు. పిల్ల తిరగేసింది, మళ్ళీ తిరగేసింది.

"రంగారెడ్డి జిల్లా లేదు డాడీ."

"లేకపోవుడేంది? జిల్లా మొత్తం ఫెయిలా ఏంది సార్?" అన్నాడు ఓనరు. పిల్ల భోరుమంది.

"ఉండండి, ఇలా ఇవ్వండి" అని సారు పేపరు తీసుకుని తెరిచారు. నడిమి కాగితం మీద ఆయన చూపు పడిందో లేదో, చటుక్కున తల ఎత్తి పైకప్పును చూడటం మొదలుపెట్టారు. అలా చూస్తూనే ఆ కాగితాన్ని తడిమి లాగి, మడిచి, నా వైపు చాపారు. గొంతు తగ్గించి అన్నారు.

"యాదమ్మా, నువ్వు తీసింది పదో తరగతి. వెళ్ళి పట్టుకురా. దీన్ని తీసుకెళ్ళి దాని చోట పెట్టు."

వెళ్ళి మార్చుకొచ్చాను. పిల్ల పాసైంది. ఓనరు లడ్డూలు తెచ్చాడు. గోలంతా అయ్యాక, అమ్మగారు గుడికి వెళ్ళిన సమయం చూసి నేను సారును అడిగాను.

"ఎప్పటిసంది ఎరుక సారు మీకు?"

"మొదటి రోజునుంచీ. ఎన్ని పేజీలో పేపరు మీదే రాసి ఉంటుంది. అదీకాక, వాకిట్లో ముగ్గు చూడు. నిన్న పూజగది పోయింది. అంతకుముందు రోజు మెట్లు పోయాయి. మార్కెట్ ఎంత పడిందో నాకు వేరే పేపరెందుకు?"

ఇన్నాళ్ళూ ఆ ముగ్గు పక్కనే చెత్త ఎత్తినదాన్ని, నాకు తట్టనే లేదు. అమ్మగారు పేజీ చూసిన మర్నాడు ఇల్లు పెరగడమో తగ్గడమో!

"మరి ఎరుకేనని అమ్మకు చెప్పరాదా?"

"చెప్తే దాచడం మానేస్తుంది. దాచకపోతే చూస్తాను. చూస్తే ఊరుకోలేను. నా సంగతి నాకు తెలుసు." కుడిపాదం ఆడుతోంది. దాన్ని నేను చూడటం ఆయనా చూశారు. "గది పోయిందంటే సర్దుకోగలను యాదమ్మా. అంకె చూస్తే మాత్రం నిలవలేను. అందుకని నువ్వు తప్పు పేజీ తియ్యకూడదు. ఇలా వచ్చి కూర్చో."

నలభై దాటిన దాన్ని, అక్షరాలకు కూర్చున్నాను. అందరికీ మొదట అమ్మ, ఆవు వస్తాయి. నాకు మొదట వచ్చిన మాట 'వాణిజ్యం'. ఆ పేజీ నెత్తిన ఉండేది అదే. 'వా' తొందరగానే వచ్చింది. 'జ్యం' దగ్గర పలక పగలగొడదామనిపించింది.

"గిదేంది సారు, గీ తోక ఎవరికి కావాలె?"

"తోక లేకపోతే అది వాణిజం అవుతుంది. అదేమిటో నాకూ తెలీదు. దిద్దు."

అమ్మగారు గుమ్మంలో నిలబడి పలక మీద మాటను చూసీ చూడనట్టు, "ముందు దాని పేరు నేర్పొచ్చుగా?" అన్నారు.

"పేరు ఎక్కడికీ పోదులే" అన్నారు సారు.

'వాణిజ్యం' వచ్చాక మిగతావి ఒకటొకటిగా వచ్చాయి. సారుకు నేర్పడం సరదా అయిపోయింది. ఆఖరికి, పేజీ తీసేశాక మిగిలిన పేపరులో పెద్దక్షరాలు నేను వరండాలో కూర్చుని పైకి చదవాలని, ఆయన మజ్జిగ తాగుతూ వినాలని ఏర్పాటు చేశారు. అంత జాగ్రత్త గల మనిషి ఒక్కటి మరిచిపోయారు. బాగా పడ్డ రోజున ఆ వార్త లోపలి పేజీలో ఆగదు.

ఆ రోజు కూడా వాణిజ్యం పేజీ బియ్యం డబ్బా కింద పెట్టి వచ్చి కూర్చున్నాను. మొదటి పేజీ మీద వేలు పెట్టాను.

"షే-ర్, షేర్. మా-ర్కె-ట్. కు-ప్ప... కూ-లిం-ది. కుప్పకూలింది! షేర్ మార్కెట్ కుప్పకూలింది సారు!"

ఒత్తులతో సహా చదివాననే సంతోషంలో అరిచాను. అరిచాక అర్థమైంది. సారు గ్లాసులో మజ్జిగ ఒకే గుక్కలో తాగేశారు. ఆయన అలా తాగడం నేను చూడటం అదే మొదలు. లేచి ఫోను దగ్గరికి వెళ్ళి తాళం మీద చెయ్యి వేశారు. వంటింటి వైపు చూశారు. అమ్మగారు పులుసు కలుపుతూనే ఉన్నారు.

"ఇప్పుడే వస్తాను" అని సారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

"చెప్పులు వేసుకున్నారా?" అని అడిగారు అమ్మగారు.

"ఏసుకున్నరమ్మా."

"కొంత నయమే." ఆవిడ గరిటె కింద పెట్టారు. "నేను వెళ్తే వీధిలో గొడవవుతుంది. నువ్వు వెళ్ళు. ఏం చెప్పకు. పక్కన నిలబడు, అంతే."

మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూతు ఉండేది. ఆ పొద్దున అక్కడ పెళ్ళి భోజనాలకు నిలబడ్డట్టు లైను. ఆఫీసు ఫోన్లో అయితే మేనేజరు వింటాడని అందరూ అక్కడికే వచ్చారు. అద్దాల గదిలో ఉన్నవాడు, "ఎంతకైనా సరే, అమ్మేసెయ్!" అని అరుస్తున్నాడు. ఆ అద్దాల తలుపు సరిగ్గా పడేది కాదు. లోపలి మాట లైను మొత్తం వింటోంది. సారు లైనులో చివర తల దించుకుని నిలబడి ఉన్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన నన్ను చూసి చూడనట్టు ఊరుకున్నారు.

ఇంతలో ముందున్న పొడుగబ్బాయి వెనక్కి తిరిగాడు.

"సార్! మీరు గూడ అమ్ముతున్నరా?"

లైను మొత్తం తిరిగి చూసింది. అందులో సగంమంది ఆదివారం మజ్జిగ తాగినవాళ్ళే. సారు మెడ నిటారుగా అయింది. ముఖం మీదికి ఆ నిదానం ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది.

"అబ్బే, అమ్మడమేమిటి బాబూ? ఊరికే ఒకరితో మాట్లాడాలి."

"అయితే ముందు మీరు మాట్లాడుండ్రి సార్. జరుగుండ్రి బై, సారుకు దారియ్యుండ్రి!"

తోసుకుంటూ తీసుకెళ్ళి సారును అద్దాల గదిలో నిలబెట్టారు. ఇక ఏజెంటు నంబరు తిప్పే దారి లేదు. ఎవరికో ఒకరికి చెయ్యాలి. సారు కాసేపు ఆలోచించి పొడుగాటి నంబరు తిప్పారు. తణుకులో ఉన్న వాళ్ళ అక్కగారికి చేశారు. నేను తలుపుకు ఆనుకుని నిలబడ్డాను కాబట్టి ఆవిడ గొంతు నాకు వినపడింది. మిగతావాళ్ళకు సారు గొంతే వినపడింది.

అప్పట్లో ఊళ్ళకు ఫోను చేయాలంటే రాత్రి చార్జీ తగ్గేదాకా ఆగేవారు. పగటి పూట నిండు చార్జీతో ఫోను మోగిందంటే ఒకటే అర్థం. అక్కగారు తమ్ముడి గొంతు విన్న మరుక్షణం, "ఓరి నాయనో, ఎవరు పోయార్రా!" అని శోకం ఎత్తుకున్నారు.

"పోలేదు" అన్నారు సారు.

అవతల శోకం పెరిగింది.

"పోలేదంటే పోలేదు! ఏమీ కాలేదు. ముందు ఆ ఏడుపు ఆపు."

లైనులో గుసగుసలు ఆగిపోయాయి.

"వద్దు. ఇప్పుడు కదలొద్దు. ఎక్కడున్నదానివి అక్కడే ఉండు." ఆవిడ రైలెక్కుతానంటోంది. "అందరూ పరిగెడుతున్నారని నువ్వు పరిగెత్తుతావా? నేను చెప్తున్నాను కదా! అన్నీ బాగానే ఉన్నాయి. స్థిమితంగా ఉండు. నాలుగు రోజులాగి మళ్ళీ మాట్లాడతాను."

సారు ఫోను పెట్టేసి బయటికి వచ్చేసరికి లైను లైనంతా ఆయన్ను చూస్తోంది.

"విన్నవా? ఏజెంటే ఏడుస్తున్నది. సారే ఆమెకు ధైర్నం చెప్తున్నడు" అన్నాడు పొడుగబ్బాయి, నెమ్మదిగా. 'ఉన్నదానివి' అన్న మాట విని, సారు ఏజెంటు ఆడమనిషి అని కూడా ఆ రోజు వాళ్ళంతా నమ్మారు. ఒకడు గడియారం చూసుకుని ఆఫీసుకు పోయాడు. ఇంకొకడు సిగరెట్టు కొనుక్కోవడానికి జరిగాడు. పొడుగబ్బాయి సారుకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. చూస్తుండగానే లైను పల్చబడింది. బూతు ఓనరు మాత్రం సారు వైపు కొరకొరా చూశాడు.

ఇప్పుడు బూతు ఖాళీ. సారు వెనక్కి తిరిగి ఒకసారి ఫోను వైపు చూశారు. మలుపు దగ్గర పొడుగబ్బాయి ఇంకా చెయ్యి ఊపుతున్నాడు. సారు కూడా చెయ్యి ఊపి, ఇంటి దారి పట్టారు.

సగం దూరం వచ్చాక అడిగారు. "అమ్మగారికి ఏం చెప్తావు?"

"అక్కగారికి ఫోను చేసిన్రని చెప్త."

"అబద్ధం కాదు కదా" అన్నారు, ఎంతో ఊరటగా.

అమ్మగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. చెప్పాను. "పగటి పూటా? పాపం వదినగారు ఉన్నారా, పోయారా?" అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు మార్కెట్ ఇంకా పడింది. అప్పటికి నేను చదవగలను కాబట్టి నాకు తెలుసు. పేజీ తీసి అమ్మగారికిచ్చాను. ఆవిడ చూడకుండానే బియ్యం డబ్బా కింద పెట్టమన్నారు. వాకిట్లో ఆ పొద్దున వేసిన ఇల్లు గేటు దాకా వచ్చింది. పూజగది, మెట్లు, పైన ఇంకో వాటా. వీధిలో ఆడవాళ్ళకు నడవడానికి దారి లేకపోయింది. సారు వరండాలోంచి ఆ ముగ్గును చాలాసేపు చూసి, "పెరిగిందే!" అన్నారు. పాపం, మార్కెట్ నిజంగానే పెరిగిందనుకున్నారు. నేను ముగ్గు చెరగకుండా పక్కనుంచి ఊడ్చుకుంటూ పోయాను.

కొన్నాళ్ళకు షేర్లు లేచాయి. మణికొండలో ఇల్లు లేచింది. ముగ్గులో ఉన్నన్ని గదులు రాలేదు గానీ వంటిల్లు పెద్దదే వచ్చింది. గృహప్రవేశం నాడు పొడుగబ్బాయి విస్తరి ముందు కూర్చుని అందరికీ ఆ కథ చెప్పాడు. "సార్ ఫోన్ల అన్నడు, పోలేదంటే పోలేదు అని! ఆ ఏజెంటు ఒకటే ఏడుపు!"

పక్క విస్తరి దగ్గర తణుకు అక్కగారు తల ఎత్తారు. "ఏజెంటెవరు? ఆ వేళ ఏడ్చింది..."

"వదినగారూ, వేడి బూరె!" అని అమ్మగారు ఒక్క అంగలో వచ్చి ఆవిడ నోట్లోనే పెట్టేశారు. సారు పైకప్పును చూశారు. కొత్త కప్పు, బాగా కుదిరింది.

ఈ సంగతులన్నీ ఆ ఫొటో ముందు కూర్చుంటే గుర్తొచ్చాయి. పేజీ మొత్తం చదివాను. 'వాణిజ్యం' నుంచి మొదలుపెట్టి సారు పేరు దాకా. ఆ రోజు అంకెలన్నీ కిందికే ఉన్నాయి. కాగితం మడిచి వంటింట్లోకి తీసుకెళ్ళాను.

మా పెద్దోడు ఇప్పుడు షేర్లు కొంటున్నాడు. రోజంతా ఫోన్లో ఎర్ర అంకెలు చూస్తాడు, అయినా పొద్దున్నే పేపరు కూడా కావాలి. వచ్చి తిరగేశాడు.

"అమ్మా, షేర్ల పేజీ ఏదే? పోయిందా?"

"పోలేదురా" అన్నాను. "బియ్యం డబ్బా కింద ఉన్నది. నువ్వు చూడకు."